చేనును కల్లం చేయొద్దు

కిందటి వారం కొక్కంటి క్రాసు దగ్గర టీ అంగట్లో కూర్చొని ఉంటే, మా పక్క ఊరి పిల్లవాడొకడు వచ్చి సెల్‌ఫోను నా ముందు పెట్టినాడు. అందులో ఇంగ్లండు పొలం. దుక్కి లేదు, చదును లేదు, పాత పంట మోళ్లు అట్లాగే ఉన్నాయి. పెద్ద ట్రాక్టరు ఒకటి మోళ్ల మధ్యనే గీతలు గీసుకుంటూ గోధుమ విత్తుకుంటూ పోతోంది. దాని వెనక ఇంకో ట్రాక్టరు ఇనుప చక్రాల వరసతో కట్టిన బరువైన రోలరును లాగుతూ చేనంతా తొక్కించుకుంటూ పోతోంది. వెనక్కి చూస్తే చేను చాప పరిచినట్టు ఉంది.

‘మామా, ఈసారి కొర్ర విత్తినాక మనమూ ఇట్ల రోలరు తిప్పుదామా? మొలక ఒకే మాదిరి వస్తుందంట’ అన్నాడు.

వాడికి అక్కడికక్కడ ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయినాను. ఎందుకంటే ఆ మాటలో నిజముంది. ఆ నిజాన్ని మన తనకల్లు మట్టిమీదికి ఉన్నదున్నట్టు తెచ్చి పరిస్తే నష్టమూ ఉంది. ఆ రెండూ విడదీసి చెప్పాలంటే తీరిక కావాలి. ఆకాశవాణి వాళ్లు ఈ పూట నాకు ఆ తీరిక ఇచ్చినారు.

ముందు ఆ దొరల రోలరు సంగతి. వాళ్లు చేనంతా ఎందుకు తొక్కిస్తారు? వాళ్లవి చాలాచోట్ల జిగురు నేలలు. పెళ్లలు పెద్దవిగా లేస్తాయి. పెళ్లల సందుల్లో గింజ పడితే మట్టి తగలదు, గాలి తగులుతుంది. పైగా అక్కడి తడి చలిలో నత్తలు ఎక్కువ. పెళ్లల కింద దాక్కొని మొలకలు తినేస్తాయి. సందులు మూసేస్తే నత్త తిరగడానికి దారి ఉండదు. ఇంకో కారణం కోత యంత్రం. దాని కత్తి నేలకు దగ్గరగా పోవాలంటే రాళ్లు, పెళ్లలు పైకి పొడుచుకొని ఉండకూడదు. అందుకే వాటిని లోపలికి అణచేస్తారు. కేంబ్రిడ్జి అనే ఆయన 1840ల్లో చేసిన, కట్లు కట్లుగా ఉండే ఇనుప రోలరును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కెనడా, ఆస్ట్రేలియా రైతులు చిరుశనగ, బఠాణీ లాంటి పొట్టి పంటలు విత్తినాక రోలరు తిప్పేది కూడా కోత సులువు కోసమే.

ఇప్పుడు మన చేనుకు రండి. మనకు ఆ నత్తలు లేవు. కొర్రను మనం కొడవలితో కోస్తాం. యంత్రం వచ్చినా వెన్ను మూరెడు పైనే ఉంటుంది కాబట్టి కత్తి నేలను రాయాల్సిన పని లేదు. మన పెళ్ల అరచేతిలో నలిపితే పొడి అవుతుంది. అంటే వాళ్ల మూడు కారణాల్లో మనకు మిగిలేది ఒక్కటే, గింజకు మట్టి తగలడం. అది మాత్రం చిన్న కారణం కాదు. ప్రాణమంతా అందులోనే ఉంది.

గింజ మొలవాలంటే ముందు నీళ్లు తాగాలి. జొన్న, సజ్జ, కొర్ర, రాగి ఏదైనా సరే, తన బరువులో ఇంచుమించు మూడో వంతు నీళ్లు లోపలికి పీల్చుకున్నాకే మొలక కదులుతుంది. ఆ నీళ్లు గింజకు ఎక్కణ్ణుంచి వస్తాయి? దాన్ని తాకుతూ ఉన్న మట్టి రేణువుల నుంచి. గింజ చుట్టూ మట్టి గుల్లగా ఉంటే నాలుగు వైపులా గాలి, ఒక వైపు మట్టి. మట్టి మెల్లగా అదిమి ఉంటే అన్ని వైపులా తడి. అంతేకాదు, అదిమిన మట్టిలో సందులు సన్నబడతాయి. సన్నని సందుల్లో నీళ్లు దీపం వత్తిలో నూనె పాకినట్టు కింది నుంచి పైకి పాకుతాయి. గుల్ల మట్టిలో ఆ పాకుడు తెగిపోతుంది. కాబట్టి విత్తినాక అదమాలి అన్నమాటలో తప్పు లేదు. తప్పంతా ఎక్కడ అదమాలి, ఎప్పుడు అదమాలి అన్న దగ్గర జరుగుతుంది.

ఆ తప్పు నేనే చేసినాను. చెబుతాను, వినండి.

కొన్నేళ్ల కిందటి ఆరుద్ర కార్తె. మృగశిరలో రెండు జల్లులు పడి, ఆరుద్ర మొదట్లో మంచి వాన కురిసింది. రెండెకరాల్లో కొర్ర పెట్టినాను. మా నాయన కాలంలో అయితే గొర్రు పోయినాక గుంటక తోలేవాళ్లం. ఆ యేడు ఎద్దులు లేవు. అద్దెకు తెచ్చిన ట్రాక్టరుతో విత్తించినాను. ట్రాక్టరు మనిషి దగ్గర ఒక రోలరు కూడా ఉండె. రోడ్డు పనికి చేయించుకున్నదో, మరి దేనికో. ‘దీన్నొక దఫా తిప్పుతానన్నా, మొలక దంచుకొని వస్తుంది’ అన్నాడు. సరే అన్నాను. ఒక పక్క గనిమెకు దగ్గరగా మూడు నాలుగు సాళ్లు రోలరు అందక వదిలేసినాడు. మిగతా చేనంతా అద్దంలా చేసి పోయినాడు. చూసి మురిసిపోయినాను.

ఆ సాయంత్రమే వాన. పెద్ద వాన కాదు, దబదబ అరగంట. తెల్లారి నుంచి నాలుగు రోజులు ఎండ, పడమటి గాలి. ఐదో రోజు పోయి చూస్తే గనిమె వార వదిలేసిన సాళ్లలో పచ్చగా గీత గీసినట్టు మొలక. రోలరు తిరిగిన చేను ఎర్రగా బోసిగా ఉంది. గోటితో పైపొర లేపినాను. రొట్టె పొరలా అట్టగా లేచింది. దాని కింద కొర్ర మొలకలు తెల్లగా, పైకి రాలేక, ముడుచుకొని చుట్టలు తిరిగి ఉన్నాయి. గింజ మొలిచింది. దాని పని అది చేసింది. పైన తలుపు మూసింది నేను.

అప్పుడు మా చిన్నాయన చేను గట్టు మీద నిలబడి ఒకటే మాట అడిగినాడు. ‘నువ్వు చేను విత్తినావా, కల్లం చేసినావా?’

ఆ మాట ఈనాటికీ నన్ను వదల్లేదు. కల్లం ఎట్లా చేస్తామో మీకు తెలుసు. ఎర్రమన్ను చదును చేసి, నీళ్లు చల్లి, రాతి గుండు తిప్పి తిప్పి గట్టి పరుస్తాం. పైన పేడతో అలుకుతాం. ఎందుకు? రాగి గింజ ఒక్కటి కూడా మట్టిలోకి దిగకూడదని. కల్లానికి కావలసినవి మూడే. ఎర్రమన్ను, నీళ్లు, బరువు. నా కొర్ర చేనులో ఎర్రమన్ను ఉంది, బరువు మధ్యాహ్నం పడింది, నీళ్లు సాయంత్రం పడినాయి. ఏ గింజా లోపలికి పోకుండా చూసే నేల, ఏ మొలకనూ పైకి రానీయని నేల కూడా అవుతుంది.

ఇది మన ఎర్రనేల గుణం. ఇందులో ఇసుక ఎక్కువ, బంక తక్కువ, పశువుల ఎరువు తగ్గిపోయి జీవం ఇంకా తక్కువ. వాన చినుకు నేరుగా తగిలితే పైనున్న మట్టి రేణువులు విడిపోయి మెత్తని బురదపొర అవుతాయి. ఆ పొర ఇసుక సందుల్లోకి దిగి, ఎండకు గట్టిపడి అట్ట కడుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో శాస్త్రవేత్తలు జొన్న, సజ్జ మొలకలు ఈ అట్టను ఎట్లా చీల్చుకొని వస్తాయో, ఎందుకు రాలేకపోతాయో చాలా కాలం పరిశీలించినారు. జొన్న మొలక కొంచెం బలమైంది, పొడుస్తుంది. వేరుశనగ పప్పు లావు గింజ, నేలను ఎత్తుతుంది. కొర్ర, రాగి, సామ మొలకలు దారప్పోగులు. వాటికి ఆ బలం లేదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు యేడాది మొత్తంలో పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాం గానీ వాన లెక్క మారలేదు. ఈ కాస్త వానలో విత్తే పదును రెండు మూడు సార్లే దొరుకుతుంది. ఆ పదునులో ఒకసారి మొలక తప్పితే రెండోసారి విత్తడానికి మళ్లీ విత్తనం, మళ్లీ కూలి, మళ్లీ ట్రాక్టరు. అన్నిటికంటే పెద్ద నష్టం అదును పోవడం. అందుకే ఈ మాట ఇంత పట్టుగా చెబుతున్నాను.

అయితే మరి అదమకుండా వదిలేయాలా? అదీ కాదు. నేను దెబ్బ తిన్న మరుసటి యేడు భయపడి ఏమీ తోలకుండా వదిలేసినాను. గొర్రు కర్రులు చీల్చిన సాలు సగం తెరుచుకొనే ఉండిపోయింది. రెండు రోజుల గాలికి సాలులో మట్టి పొడిపొడి అయింది. పిట్టలు కొన్ని, చీమలు కొన్ని ఎత్తుకుపోయినాయి. మిగిలినవి నాలుగో రోజు కొన్ని, వానపడినాక పన్నెండో రోజు కొన్ని మొలిచినాయి. ఒకే చేనులో పొట్టకొచ్చిన కొర్ర, పిలకేసే కొర్ర పక్కపక్కన. కోతకు ఏది చూసి పోవాలి? ముందుది రాలిపోతుంది, వెనకది పాలు మీద ఉంటుంది.

ఈ రెండు యేళ్ల తర్వాతనే నాకు మా పెద్దల పనిలో ఉన్న అర్థం తెలిసింది.

మన గొర్రు సంగతి మీకు కొత్త కాదు. పైన జడ్డిగం, అందులోంచి దిగే గొట్టాలు, కింద కర్రులు. ఒక మనిషి నడుస్తూ పిడికిట్లోంచి గింజలు జడ్డిగంలో జారవిడుస్తుంటే అన్ని సాళ్లకూ సమంగా పోయేవి. ఈ గొర్రు ఎంత పాతదో మనకే తెలియదు. 1790ల్లో థామస్ హాల్కాట్ అనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి గుంటూరు సీమలో ఒక చేని మీదుగా పోతూ గొర్రుతో విత్తడం చూసినాడు. ఇట్లాంటి పరికరం ఐరోపా వాళ్లు ఈమధ్య కనిపెట్టిందని తాను అనుకుంటూ ఉంటే, ఇక్కడ తరతరాలుగా వాడుతున్నారని తెలుసుకొని ఇంగ్లండులోని వ్యవసాయ మండలికి రాసి పంపినాడు. ధరంపాల్ గారు 1971లో అచ్చు వేసిన పుస్తకంలో ఆ రాత ఉంది. ఫోనులో ఇంగ్లండు ట్రాక్టరు చూసి ఆశపడే పిల్లలకు ఈ సంగతి తెలియాలి. వాళ్ల దగ్గర నేర్చుకోవద్దని నేననను. మన దగ్గర ఉన్నది ముందు చూసుకొమ్మంటాను.

గొర్రు వెనక గుంటక వచ్చేది. గుంటక పలక వేలి మందంలో మట్టిని కోసుకుంటూ, సాళ్లను మూసుకుంటూ, పైపొరను పొడిగా వదిలేసేది. మరీ తేలిగ్గా పోతుందనుకుంటే పైన ఒక రాయి పెట్టేవాళ్లు. ఒకోసారి నన్నే కూర్చోబెట్టేవాళ్లు. ఇక అంతరపంటకు వదిలే అక్కిడి సాలు. అందులో కంది గానీ అనుము గానీ గొట్టంతో వదిలే మా అవ్వ, గింజ పడిన చోటల్లా పాదంతో మట్టిని మూసి, ఒక అడుగు వేసి ముందుకు కదిలేది. ఆ అడుగు గింజ నెత్తిన పడేది. సాలు పక్కనున్న నేలను ఎవరూ తొక్కేవాళ్లు కాదు.

ఆ అడుగులోనే నా జవాబంతా ఉంది. గింజ ఉన్న సాలు మీద అదమాలి, సాళ్ల మధ్య నేల గుల్లగా ఉండాలి. సాలు అదిమితే గింజకు తడి. మధ్య నేల గుల్లగా ఉంటే వాన లోపలికి ఇంకుతుంది, గాలికి తడి ఆరిపోదు. చేనంతా ఒకే తీరుగా తొక్కితే గింజకు చేసిన మేలు పక్కనున్న నేలంతా తినేస్తుంది.

ఇప్పుడు ఈ పని చేయడానికి ట్రాక్టరు గొర్రులకు వెనక ప్రతి సాలుకూ ఒక చిన్న చక్రం పెట్టి అమ్ముతున్నారు. నొక్కుడు చక్రం అందాం. ఆస్ట్రేలియా మెట్ట గోధుమ రైతులు ఎక్కువగా నమ్ముకున్నది దీన్నే. అక్కడా ఎర్రనేలలు ఉన్నాయి, అక్కడా వాన తక్కువ. మన దగ్గర అద్దెకు తిరిగే గొర్రులు కొన్నిటికి చక్రాలు ఉంటాయి, కొన్నిటికి వెనక గొలుసో పట్టీనో మాత్రమే ఉంటుంది. అద్దెకు పిలిచేటప్పుడు గంటకు ఎంత అని ఒక్కటే అడగకండి. వెనక చక్రాలున్నాయా, వాటి బరువు తగ్గించడానికి పెంచడానికి స్ప్రింగు ఉందా అని అడగండి. చక్రం వెడల్పు రెండు మూడు అంగుళాలు చాలు. ఎంత నొక్కాలి అంటే మా అవ్వ అడుగే కొలత. చక్రం పోయినాక సాలు మీద బొటనవేలు పెట్టి నొక్కితే గోరు మందం దిగాలి. అసలు దిగకపోతే బరువు ఎక్కువైందని, వేలు కణుపుదాకా దిగిపోతే చాలలేదని అర్థం.

చక్రం లేని గొర్రుకు నేను ఒక ఉపాయం చేసినాను. పాత స్కూటరు టైర్లు సాలుకు ఒకటి చొప్పున వెనక ఒక ఇనుప కడ్డీకి వేలాడదీయించినాను. వాటి బరువు కొంచెమే. అయినా మొలక తేడా నా కంటికి కనిపించింది. రెండు సాళ్ల మధ్య నేలను అవి తాకవు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది పదును చూడడం. ఈ పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. విత్తే లోతు నుంచి, అంటే కొర్ర, రాగికి వేలి మొదటి కణుపు లోతు నుంచి, పిడికెడు మట్టి తీయండి. గట్టిగా పిడికిలి బిగించండి. ఉండ కట్టాలి. ఆ ఉండను నడుము ఎత్తు నుంచి కిందికి వదలండి. నేల మీద పడి నాలుగైదు ముక్కలుగా విచ్చుకుపోతే అది అదిమే పదును. విత్తిన గంటలోనే సాలు అదమండి, రేపటికి పెట్టుకోకండి. ఉండ పగలకుండా బద్దగా అతుక్కుంటే తడి ఎక్కువ. ఆ రోజు అదమడం కాదు, విత్తడమే మానుకోండి. చక్రానికి మన్ను అంటుకొని గింజను కూడా లేపుకుపోతుంది. అసలు ఉండే కట్టకపోతే కింద తడి లేదు. పైకి పాకడానికి నీళ్లే లేనప్పుడు అదమడం వల్ల లాభం లేదు.

పిడికిలి చూసినాక తల ఎత్తి ఆకాశం చూడండి. సాయంత్రానికి వాన కమ్ముకొని వచ్చేట్టుంటే చక్రాల బరువు తీసేయండి. వాన తానే మట్టిని గింజకు అదుముతుంది, మీ బరువు అక్కర్లేదు. నాలుగు రోజులు ఎండ, గాలి ఉంటాయనుకుంటే అప్పుడు సాలు అదిమినందుకు పూర్తి ఫలితం వస్తుంది. నా తప్పంతా ఆ రోజు తల ఎత్తి చూడకపోవడమే. వాతావరణ శాఖ సూచన ఇదే ఆకాశవాణిలో రోజూ వస్తుంది. విత్తే వారంలో అయినా దాన్ని వదలకుండా వినండి.

మళ్లీ ఆ పిల్లవాడి ఫోనులోకి పోదాం. అతను చూసింది దుక్కి లేని సేద్యం. దాని గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే రోలరు ప్రశ్న అందులోంచే పుట్టింది. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి కోసినాక దున్నకుండానే మొక్కజొన్న గుచ్చుతారు. అక్కడ వరి మడిలో మిగిలిన తడి ఉంటుంది. పంజాబులో వరి గడ్డి కాల్చకుండా ఆ గడ్డిలోనే గోధుమ విత్తే యంత్రాలు వచ్చినాయి. ఈ రెండు చోట్లా నేల మీద కప్పు ఉంది, లేదా నేలలో నీళ్లున్నాయి. మన మెట్ట ఎర్రనేలల్లో వేసవి అయ్యేసరికి రెండూ ఉండవు. ఇక్రిశాట్‌లోనూ, హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడాలోనూ ఎర్రనేలల మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఏమంటే, దున్నకుండా బోసిగా వదిలేసిన ఎర్రనేల మీద వాన నీళ్లు ఇంకక పారిపోతాయి. అదే నేల మీద గడ్డి, ఆకు కప్పు ఉంటే ఇంకుతాయి. కప్పు లేని చేనులో దుక్కి మానేసి, పైగా రోలరు కూడా తిప్పితే వచ్చిన వానను పాపాఘ్నికి పంపించినట్టే.

మరి కప్పు ఎక్కణ్ణుంచి తెస్తాం? వేరుశనగ కట్టె పశువులకు, కొర్రగడ్డి పశువులకు. మిగిలిన మోళ్లు గొర్రెల మందకు. ఇది తప్పని నేననను. మందలు తోలుకొని బతికే వాళ్లూ మనవాళ్లే, మంద పండుకున్న చేను బలం మనకు తెలిసిందే. కానీ ఒక దారి కనిపిస్తోంది. ప్రకృతి సేద్యం చేసే కొందరు వానలు రాకముందే, ఎండాకాలంలోనే నవధాన్యాలు విత్తుతున్నారు. గింజలకు బంకమన్ను, బూడిద, పేడ ఎరువు పూత పూసి ఉండల్లాగా చేసి చల్లి, పైన ఏ చెత్త దొరికితే ఆ చెత్త కప్పుతున్నారు. రైతు సాధికార సంస్థ వాళ్లు దీన్ని మన జిల్లాలో ఊరూరా చెప్పినారు. ఇక్కడ గమనించండి. గింజకు మట్టి తగలాలన్న పనిని ఆ పూత చేస్తోంది. రోలరు చేయాల్సింది గింజ చుట్టూ చుట్టిన మట్టే చేస్తోంది. పైన కప్పు ఉంది కాబట్టి చినుకు దెబ్బకు అట్ట కట్టదు. ఈ పద్ధతిలో విత్తిన వాళ్లు రోలరు మాటే మరిచిపోవచ్చు.

ఇంత జాగ్రత్త పడినా విత్తిన రాత్రి వాన కొట్టి అట్ట కడితే? అప్పుడు చేతులు కట్టుకొని కూర్చోకండి. మూడో రోజు నుంచి రోజూ ఉదయం చేనుకు పోయి రెండు మూడు చోట్ల పొర లేపి చూడండి. మొలక తెల్లగా పొర కిందికి వచ్చి ఆగి ఉంటే ఆ రోజే పని చేయాలి. మా వైపు పెద్దలు తుమ్మకంప గానీ రేగుకంప గానీ కట్టగా కట్టి, చేను మీద తేలిగ్గా లాగేవాళ్లు. ముళ్లు అట్టను గీరుతాయి, మొలకను పెరకవు. సాళ్లకు అడ్డంగా లాగాలి, సాలు వెంబడి కాదు. పొర మరీ ఎండి రాయిలా ఉంటే, బోరు ఉన్నవాళ్లు స్ప్రింక్లరు పావుగంట తిప్పితే మెత్తబడుతుంది. నా రెండెకరాల్లో మేం ఆరో రోజు కంప లాగినాం. ఒకటి రెండు రోజులు ముందు లాగి ఉంటే సగం చేనైనా దక్కేది. మూడో వంతు దక్కింది.

విత్తనం లెక్క కూడా చెప్పుకుందాం. కొర్ర ఎకరాకు రెండు కిలోలు. వెయ్యి గింజలు రెండున్నర, మూడు గ్రాములు తూగుతాయి. అంటే రెండు కిలోల్లో ఏడు లక్షల పైచిలుకు గింజలు. సాలుకు సాలుకు 22.5 సెంటీమీటర్లు పెడితే మీటరు సాలులో నలభై గింజలు పడతాయి. చివరికి మనకు కావలసింది మీటరుకు పది మొక్కలే. నలభైలో పది రావడానికి ఇన్ని అగచాట్లా అనిపిస్తుంది. కానీ ఆ పది ఒకేసారి, ఒకే దూరంలో రావాలి. ఒక చోట ముప్ఫై గుంపుగా వచ్చి, బారెడు దూరం బోసిగా ఉంటే లెక్క సరిపోయినా పంట సరిపోదు. చిన్న గింజ గొట్టంలో సమంగా జారాలంటే ఒక పాలు విత్తనానికి మూడు పాళ్లు సన్న ఇసుక కలపండి. ఎక్కువ లోతు వద్దు. కణుపు దాటితే దారప్పోగు మొలక పైకి రాకముందే దాని బలం అయిపోతుంది. ఎంత అదిమినా లోతు తప్పు సరికాదు.

రేగడి నేలల వాళ్లు, తాడిపత్రి వైపు, ఉరవకొండ వైపు వింటున్నవాళ్లు ఈ మాటలన్నీ పట్టించుకోనక్కర్లేదు. మీ నేల ఎండితే దానంతటదే పగిలి గుల్ల అవుతుంది. మీకు పెళ్లల బెడద, పగుళ్ల బెడద. పైరు జొన్న విత్తినాక మీ గుంటక మీరు గట్టిగానే తోలుకోవచ్చు, తడి అంటుకోనంత వరకు.

మన ఎర్రనేలల్లో చేనంతా నున్నగా చేయకూడదనడానికి ఇంకో కారణం గాలి. ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నున్నని నేల మీద గాలికి అడ్డు ఉండదు. పై ఇసుకను లేపి రెండాకుల మొలకల్ని కోసేస్తుంది. బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలు చూసినవాళ్లకు గాలి మట్టిని ఏం చేయగలదో తెలుసు. సాళ్ల మధ్య గరుకుగా ఉన్న నేల గాలిని పట్టి ఆపుతుంది. వాలు చేలల్లో అయితే విత్తేటప్పుడే ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డు సాలు వదలండి. అనంతపురం మెట్ట పరిశోధన కేంద్రం వాళ్లు వేరుశనగకు ఎప్పటి నుంచో చెబుతున్న మాట ఇది. కొర్రకూ రాగికీ కూడా పనికొస్తుంది. పారే నీళ్లు అక్కడ నిలిచి ఇంకుతాయి. రోలరు తిప్పితే ముందు పూడిపోయేవి ఈ గొడ్డు సాళ్లే.

నాకు అందరికంటే ఎక్కువగా చెప్పాలని ఉన్నది కుర్ర రైతులకు. ఒకప్పుడు మన చేలల్లో కొర్ర, రాగి, సజ్జ, అరిక విస్తారంగా ఉండేవి. తర్వాత వేరుశనగ వచ్చి ఉమ్మడి జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్ల పైన పరుచుకుంది. దాంతో చిన్న గింజను విత్తే చేతి నేర్పు రెండు తరాల పాటు మూలన పడింది. వేరుశనగ లావు గింజ. రెండంగుళాల లోతున పడినా, కొంచెం అట్ట కట్టినా తట్టుకుంటుంది. ఆ అలవాటుతో కొర్ర విత్తితే కుదరదు. ఇప్పుడు చిరుధాన్యాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్‌తో కలిసి నడిచే రైతులు ఎన్నో ఏళ్లుగా వీటిని పండించి అమ్ముతున్నారు. గింజ తిరిగొచ్చింది, గుంటక మాత్రం చాలా ఇళ్లలో కట్టెల పొయ్యిలోకి పోయింది. ఆ గుంటక చేసిన పనిని ఇప్పుడు ఏ పనిముట్టుతో చేయాలో మనమే తేల్చుకోవాలి. అద్దె రోలరు ఆ పని చేయలేదు.

అందుకే ఆ పిల్లవాడికి చివరికి నేను చెప్పింది ఇది. మీకూ అదే విన్నపం. ఈ ఆరుద్రకు నా మాట విని చేనంతా ఒక పద్ధతిలో పెట్టకండి, ఫోను చూసి ఇంకో పద్ధతిలోనూ పెట్టకండి. చేను నడుమ పన్నెండు సాళ్లు తీసుకోండి. నాలుగు సాళ్లు ఏమీ అదమకుండా వదలండి. నాలుగు సాళ్ల మీద చక్రంతోనో పాదంతోనో సాలు వరకే అదమండి. మిగతా నాలుగింటిని సాలు, నడుమ నేల కలిపి చదునుగా తొక్కించండి. మూడింటికీ మూడు కట్టెలు పాతండి. తొమ్మిదో రోజు ఉదయం ఒక మీటరు కట్టె పట్టుకొని పోయి, ఒక్కో దాంట్లో ఐదు చోట్ల మొలకలు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. విత్తిన రోజు పిడికిట్లో మట్టి ఉండ పగిలిందా లేదా, ఆ తర్వాత వాన ఎన్నో రోజు పడింది, ఆ రెండూ కూడా దాని పక్కనే రాయండి. ఆ కాగితాన్ని వచ్చే యేడు విత్తే ముందు తీసి చూడండి.